చిన్నాయిన ఉప్పు తినని దేవుళ్ళు

మొన్న ఆదివారం కూరగాయలకని బయల్దేరి, స్టేషన్ దారిలోని చర్చి ముందు ఆగిపోయాను. ప్రహరీ గోడ కొత్తగా కడుతున్నట్టున్నారు, గేటు పక్కన ట్రాక్టరు ఎర్రమట్టి దింపి పోయింది. పిల్లలు ఆ కుప్ప మీదికెక్కి జారుతున్నారు. ఒకప్పుడు ఇదే గేటు దగ్గర చిటికెడు దుమ్ము కోసం మా అవ్వ నడుం వంచి, జనం చెప్పులు విడిచే చోట టైల్సు సందుల్లో గోటితో గీకింది. ఇంత మట్టి ఇప్పుడు చూస్తే ఏమనేదో అనుకుంటే ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కోపమొచ్చింది. ఆ కోపం మా చిన్నాయిన మీద. ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోనూ లేదు. క్షమించేస్తే మనసు తేలికవుతుందని పెద్దవాళ్ళు రాస్తుంటారు. వాళ్ళ మనసులు, వాళ్ళ ఇష్టం. నా కోపం నాకేం బరువుగా లేదు. ఇంట్లో ఒక మనిషిలాగా అలవాటైపోయింది, దానికీ రోజూ ఇంత తిండి పెట్టి పెంచుకుంటున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఇంటర్ చదువుతున్నాను. మహబూబ్‌నగర్‌లో కొత్త బస్టాండు వెనక సందులో కిరాయికుండేవాళ్ళం. బాపుకి మోటర్ వైండింగ్ దుకాణం. కాలిన బోరు మోటర్లు ఊళ్ళ నుంచి ట్రాలీల్లో వచ్చేవి, రాగి తీగ చుట్టీ చుట్టీ ఆయన వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయాయి. బాపు ఇంట్లో అడుగుపెడితే వార్నిష్ వాసన ముందొచ్చేది, మనిషి తర్వాత వచ్చేవాడు. అమ్మ ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టేది. మా ఊరు ఆత్మకూర్ దగ్గర. అక్కడ తాత పోయినప్పుడు చేను గెట్టు మీదనే ఆయనకు సమాధి కట్టారు. నడుమెత్తు సిమెంటు గద్దె, దానికి దీపం పెట్టుకునే చిన్న గూడు, ఏటా సున్నం. భాగాలు పంచుకున్నప్పుడు ఆ ముక్క చిన్నాయినకు పోయింది. సమాధి జోలికి పోనని చిన్నాయిన అవ్వ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పాడు. బాపు అంతకు మించి ఏమీ అడగలేదు. తమ్ముడి మాట చాలనుకున్నాడు.

రాష్ట్రం వచ్చాక భూముల రేట్లు పెరిగాయి. రోడ్డు పక్క చేలన్నీ ప్లాట్లవుతున్నాయి, ఊరి బయట రంగు రంగుల జెండాలు లేస్తున్నాయి. అవ్వ తన చెల్లెలింటికి పోయిన ఒక పొద్దున చిన్నాయిన చేనులోకి డోజర్ వచ్చింది. ఆమె తిరిగొచ్చేసరికి గెట్టూ లేదు, గద్దే లేదు. చేనంతా మొరం పోసి రోలర్ తొక్కించారు. అవ్వ ఇంట్లోకి పోయి రెండు చీరలు, వక్కల సంచి, తాత గొంగడి తీసుకుని బస్సెక్కి మా ఇంటికొచ్చింది. బాపు చేతిలోని టెస్టర్ పక్కన పెట్టి "ఏమైందే అమ్మా?" అంటే, "మీ నాయినను తమ్ముడు అమ్ముకున్నడు రా" అంది. బాపు ఆ రోజు దుకాణం తెరవలేదు. కానీ తమ్ముడి మీదికి పోలేదు. "కోర్టుల సుట్టు తిరిగి ఏం జేస్తమే, పోయినోడు వాపసొస్తడా" అన్నాడు. బాపు మంచివాడు. ఆ మంచితనం చూస్తే నాకు అప్పుడూ ఒళ్ళు మండేది, ఇప్పుడూ మండుతుంది.

అవ్వ ఆ మంచితనం జోలికి పోలేదు. ఆమె దారి వేరు. మా వైపు పల్లెల్లో అన్యాయమైపోయిన ఆడమనిషికి పోలీసు, పంచాయితీ ఏదీ పనికిరాకపోతే ఆఖరికి ఒకటి మిగులుతుంది. అన్యాయం చేసినవాడి గడప ముందు నిలబడి, దోసెడు దుబ్బ ఎత్తి వాడి మీద పోసి, వాడి ఇల్లు ఏమైపోవాలో గట్టిగా చెప్తుంది. దుబ్బంటే దుమ్మే. కానీ దెబ్బలకు భయపడని మగవాళ్ళు కూడా దుబ్బకు భయపడతారు. దేవుళ్ళ వాకిట్లో దుబ్బయితే ఇక తిరుగుండదని అవ్వ లెక్క. మరి ఊళ్ళో గుడే ఉందిగా అని నేనంటే నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఊళ్ళె హన్మాండ్లకు గేటు ఎవడు పెట్టిచ్చిండు? వాడే. పోచమ్మకు రేకులెవడు ఏపిచ్చిండు? వాడే. చేను అమ్మిన పైసలు సల్లవడకముందే ఇచ్చిండు. మనూరి దేవుండ్లు వాని ఉప్పు తిన్నరు బిడ్డా. ఆళ్ళు నా మాట ఇనరు. వాడెవ్వడో ఎర్క లేని దేవుండ్లు గావాలె. గంత పెద్ద పట్నంల దొర్కరా?"

అలా మొదలైంది మా తిరుగుడు. అవ్వ తెల్లవారకముందే లేచేది. వాకిలి ఊడ్చి, బొగ్గుపొడితో పళ్ళు తోముకుని, పొయ్యి మీద జొన్నరొట్టె తట్టేది. ఆ చప్పుడుకే నేను లేచేదాన్ని. చక్కెర లేని చాయ తాగి, ఆకు వక్క దవడకు పెట్టుకుని, "నడు బిడ్డా" అనేది. ఆమెకు చదువు రాదు, ఆటోల మధ్య రోడ్డు దాటడం రాదు, నేను ఆ రెంటి కోసం. నిజం చెప్పాలంటే నాక్కూడా పోవాలనుండేది. తాత నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని అదే గెట్టు మీద నడిచేవాడు. అంత పొడుగు మనిషిని ఇన్ని గజాలని కొలిచి అమ్ముకున్నవాడికి ఏదో ఒకటి జరగాలి, అది నేను కళ్ళారా చూడాలి అనుకునేదాన్ని. గడియారం చౌరస్తాలో హారన్లు, అరటిపళ్ళ బండ్లు, మిర్చి బజ్జీల నూనె వాసన. వీటన్నిటి మధ్య మా అవ్వ ఒక చేత్తో నా చెయ్యి, ఒక చేత్తో కొంగు పట్టుకుని, దావా వేయడానికి పోయే మనిషిలా నడిచేది.

సోమవారం శివాలయం. పాలరాయి, గ్రానైటు, అద్దంలా తుడిచిన నేల. ఎక్కడా దుబ్బ లేదు. సరే ముందు మొర చెప్పుకుందామని అవ్వ మండపంలో చతికిలబడి, శివునికి మా కథంతా మొదటి నుంచి చెప్పింది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది, ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చివర్లో అనుమానమొచ్చి, "పైన ఏమన్న రాసుందా సూడు బిడ్డా" అంది. ఫ్యాను రెక్కల మీద ఎర్ర రంగు అక్షరాలున్నాయి కానీ తిరుగుతుంటే చదవలేం. నేను పోయి పూజారిని బతిమాలితే ఆయన విసుక్కుంటూ స్విచ్చి ఆపాడు. రెక్కలు మెల్లగా నిలిచాయి. ఒక రెక్క మీద మా చిన్నాయిన పేరు, ఇంకో రెక్క మీద మా ఊరి పేరు. నేను చదివి వినిపించగానే అవ్వ ఎండదెబ్బ తగిలిన దానిలా లేచింది. "థూ! ఈయన గూడ వాని గాలికే కూసున్నడా! నేను చెప్పినదంత వానికి చేరుతది, నడువ్!" పూజారి నోరు తెరిచి చూస్తున్నాడు. బయటికొచ్చాక అవ్వ శివుడి మీద అలిగి, తెచ్చిన కొబ్బరికాయను మెట్ల మీద కూర్చున్న ఒక ముసలామెకిచ్చి, "పచ్చడి నూరుకో" అంది.

ఆ దెబ్బతో అవ్వకు ఫ్యాన్లంటే పడేది కాదు. ఏ గుడికి పోయినా ముందు నెత్తి మీదికి చూసేది, తర్వాతే దేవుడి వైపు. బెంచీలు, గంటలు, నీళ్ళ ట్యాంకులు అన్నీ నా చేత చదివించేది. వేంకటేశ్వర స్వామి గుడి, అమ్మవారి గుడి, సాయిబాబా మందిరం, ఎక్కడ ఏ దాత పేరుందో ఆ ఏడు నాకు తెలిసినట్టు ఆ కమిటీల వాళ్ళకు కూడా తెలిసుండదు. చిన్నాయిన పేరు లేని చోట మొర చెప్పుకునేది, మట్టి కోసం వెతికేది. గోడ మూల, రావి మొదలు, గంగాళం కింద ఎక్కడ దొరికితే అక్కడ రవ్వంత గీకి కొంగు కొసన వేసి ముడి పెట్టేది, చీర మారిస్తే దుబ్బను ఆ కొంగులోకి మార్చుకునేది. ముడి లావవుతుంటే నాకు లోపల ఒక సంతోషం. కాలేజీలో పాఠం చెప్తుంటే నేను ఆ ముడి గురించి, అది విప్పే రోజున చిన్నాయిన మొహం గురించి ఆలోచించేదాన్ని.

శుక్రవారం దర్గాకు పోయాం. లోబాన్ పొగ, గులాబీలు, గోడ పొడుగునా కూర్చున్న జనం. సగం మంది బొట్టు పెట్టుకున్నవాళ్ళే. అక్కడా ఫ్యానుంది, పేర్లు ఉర్దూలో ఉన్నాయి. అవ్వ దర్గా చూసుకునే తెల్లగడ్డం ముజావర్‌ని ఆపి, "సాబూ, గవి జర సదువు" అంది. ఆయన నవ్వుతూ ఒక్కో పేరు చదివాడు. మావాడు లేడు. అప్పుడు అవ్వ కథ చెప్పింది. దేవుళ్ళందరూ మౌనంగా విన్న కథను ఆ ముసలాయన మాత్రం మధ్యలో ఆపాడు. "ఏమన్నవ్? బాప్ కబర్ మీద డోజర్ తోలిండా?" నెమలీకల కట్టను చంకలో పెట్టుకుని, చెప్పిందంతా మళ్ళీ చెప్పించుకున్నాడు. పుట్టినప్పటి నుంచి ఒక సమాధికి చాదర్ కప్పి, దీపం పెట్టి, దాని నీడన బతుకుతున్న మనిషి. మా బంధువుల్లో ఒక్కరికి కూడా రాని కోపం ఆయనకొచ్చింది. వెనక పాత గోరీల దగ్గరికి తీసుకుపోయి, స్వయంగా వంగి పిడికెడు మట్టి తీసి అవ్వ కొంగులో పోశాడు. "మా తాన గూడ బద్దువా ఉంటది అమ్మా, మీ శాపం తీరుగనే. జల్ది జేయకు. ఒకపారి నోట్లకెల్లి వడ్డదంటే మళ్ల నీ చేతుల ఉండదు" అన్నాడు. అవ్వ ఆయనకు రెండు చేతులా మొక్కింది. తిరిగి వస్తూ, "మనిషంటే గాయన" అంది.

ఇక చర్చి. అవ్వ ఎప్పుడూ లోపలికి పోలేదు, కానీ ఏసు దేవుడు చిన్నాయినను ఎరిగే అవకాశమే లేదని ఆమెకు గట్టి నమ్మకం. ఆదివారం పాటలయ్యాక పాస్టరుగారి భార్య మా దగ్గరికొచ్చి ఆప్యాయంగా చెయ్యి పట్టుకుంది. ఏం కష్టమొచ్చింది అవ్వా అని అడిగింది. అవ్వ మొత్తం చెప్పింది, కొడుకు పేరు కూడా చెప్పింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, లేచి అందరినీ మోకరించమని, మా చిన్నాయిన పేరెత్తి ప్రార్థన మొదలుపెట్టింది. ఆయన్ని క్షమించమని, ఆయన ఇంటిని దీవించమని, ఆయన బిడ్డలను చల్లగా చూడమని. హాలు నిండా జనం ఆమెన్ అన్నారు. అవ్వకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మాడిపోయింది. దారిలో ఆటోలో కూర్చుని తల కొట్టుకుంది. "ఎంత పనైపాయెనే! నేను వాని మీద చెప్పుకుందమని వోతే, గంత మందితోని వానికి దీవెన వెట్టిస్తినే!"

ఆ వారమంతా ఆమెకు నిద్ర లేదు. మళ్ళీ ఆదివారం తెల్లారగానే పోయి పాస్టరమ్మను పట్టుకుంది. "బిడ్డా, పోయిన వారం జేసినవ్ గదా, గది వాపసు తీస్కో."

"వాపసు తీసుకునుడు ఉండదవ్వా" అంది పాపం ఆమె.

"గట్లంటె ఎట్ల? నీకు ఎర్క లేక జేసినవ్. దేవునికి గదే చెప్పు. ముసల్ది తప్పు జాగల చెప్పుకున్నదని చెప్పు."

"శత్రువుల కోసమే ప్రార్థన చెయ్యమన్నడు అవ్వా మా ప్రభువు. నీ కోసం గూడ చేస్త, నీ మనసుకు శాంతి గావాలని."

"నాకు శాంతొద్దు తల్లీ" అంది అవ్వ. "జర దుబ్బ ఇయ్యి, చాలు."

పాస్టరమ్మ నవ్వాపుకోలేక, ఇక్కడంతా టైల్సే కదవ్వా అంది. అప్పుడే అవ్వ గేటు దగ్గర వంగి సందుల్లో గీకడం. తన చేతికి అంటుకున్న దుబ్బను కూడా దులపకుండా కొంగులో రాల్చింది. దీవెన ఎంత గట్టిదో అంత గట్టిగా దుబ్బ కూడా పనిచేస్తే లెక్క సరిపోతుందని ఇంటికొచ్చాక తేల్చింది.

పెత్రమాస వచ్చింది. పెద్దలకు పెట్టుకునే రోజు. అవ్వ పొద్దున్నే తాతకు ఇష్టమైనవన్నీ వండింది. జొన్నరొట్టె, మాంసం కూర, పుంటికూర పచ్చడి. కొంగుముడి దోపుకుని, గిన్నెలు సంచిలో పెట్టుకుని, "నువ్వు రా" అని నన్ను తీసుకుని బస్సెక్కింది. బాపు రానన్నాడు. ఊళ్ళో ఆడపిల్లలు బతుకమ్మకు తంగేడు పూలు కోసుకుని ఒళ్ళో నింపుకుని వస్తున్నారు. మేము వాళ్ళకు ఎదురు నడిచి ప్లాట్ల వెంచర్‌గా మారిన చేనుకు పోయాం. ఎర్రటి మొరం, తెల్లటి హద్దురాళ్ళు, తాళ్ళకు కట్టిన జెండాలు. చెట్టు లేదు, గెట్టు లేదు, కనుక్కోవడానికి ఒక గుర్తు లేదు. అవ్వ ఆకు విస్తరి చేతిలో పట్టుకుని కొంత దూరం అటు నడిచింది, ఆగింది, ఇటు నడిచింది. యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఎక్కడున్నాడో తెలియక, చేతిలో అన్నం పట్టుకుని, ఎండలో తిరిగింది. నేను చూడలేకపోయాను. ఈ ప్రపంచంలో ఎవరి మీదైనా నాకు అంత పగ పుట్టిందీ అంటే ఆ నిమిషమే.

ఎవరో చెప్పినట్టున్నారు, చిన్నాయిన మోటర్‌సైకిల్ మీద వచ్చాడు. తెల్ల చొక్కా, వేళ్ళకు ఉంగరాలు. "అమ్మా, గీ ఎండల ఏంది? ఇంటికి రా, బువ్వ తిందువు" అన్నాడు.

"మీ నాయిన యాడున్నడు రా?" అంది అవ్వ.

"గీడనే" అని ఒక రాయి వైపు చూపించాడు. అవ్వ అటు నడవబోయింది. "కాదు కాదు, గా రాయి తాన" అన్నాడు. మళ్ళీ కాసేపు చూసి, "అంత ఒక్కతీరుగ అయ్యింది గదనే" అన్నాడు. వాడికీ తెలియదు. తొక్కించినవాడికే తెలియదు.

అవ్వ విస్తరిని నా చేతిలో పెట్టింది. కొంగు ముందుకు తీసుకుని ముడి విప్పింది. అది ఏమిటో చిన్నాయినకు అర్థమైంది, రెండడుగులు వెనక్కి వేసి బండికి తగులుకున్నాడు. "అమ్మా వద్దే, నీ కాల్మొక్త, పిల్లలున్నరే" అన్నాడు. గుడులకు గేట్లు పెట్టించిన మనిషి, పట్టపగలు, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. పోయవే అవ్వా, పోయి అని లోపల నేను అరుస్తున్నాను. అవ్వ అరచేతిలోని దుబ్బను చూసింది, కొడుకు మొహం చూసింది. మళ్ళీ మెల్లగా, ఒక్క రవ్వ కింద పడకుండా, కొంగులో వేసి ముడి వేసింది. "దీంట్ల నీ ఉప్పు తినని దేవుండ్లందరున్నరు. ఇప్పుడు పొయ్య. ఎప్పుడు పోస్తనో నీకు చెప్ప. పో" అంది. బువ్వ విస్తరి మొరం మధ్యలో ఎక్కడో ఒకచోట పెట్టి, దండం పెట్టి, వెనక్కి చూడకుండా బస్సుకు నడిచింది.

ఆ మర్నాడు ఒకటి జరిగింది. ఇంతవరకు ఇంటి నాలుగు గోడలు దాటని సంగతి. మొరం దుమ్ముకు ఎరుపెక్కిన అవ్వ చీరను అమ్మ, ముడిలో దుబ్బ ఇంకా ఉందని తెలియక, సర్ఫులో నానబెట్టి, బాది, ఉతికి ఆరేసింది. అవ్వ దండెం దగ్గర తడి కొంగు పట్టుకుని చూసుకునేసరికి ముడి లేదు, దుబ్బ లేదు. పట్నం గుళ్ళు, దర్గా, చర్చి అన్నీ కలిసి మోరీలో పోయాయి. అవ్వ కాసేపు అమ్మను తిట్టింది, కాసేపు గోడకానుకుని కూర్చుంది. ఇంతలో బాపు ఫోను మోగింది. చిన్నాయిన. తెల్లారి బండి టైరు పగిలిందట, ఫోను అవ్వకు ఇమ్మన్నాడు. ఫోనులోంచి ఆయన గొంతు నాకు వినిపించింది. "అమ్మా, పోసినవా?" అవ్వ తడి కొంగు వైపు చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా, చాలా తృప్తిగా, "ఇంకా లేదు" అంది. ఫోను పెట్టేసి మా వైపు తిరిగి, "ఎవ్వల నోట్లకెల్లన్న బయటికి వొచ్చిందో, మీ మీద పోస్త" అంది.

అప్పటి నుంచి అవ్వ బతికినన్నాళ్ళూ అదే వరస. బోరు ఎండినా, బిడ్డకు జ్వరమొచ్చినా, మోకాలు పట్టేసినా ముందు ఫోను మా ఇంటికే. "పోసినవా?" "ఇంకా లేదు." అవ్వ కొంగుకు ఖాళీ ముడి వేసుకుని తిరిగేది, చిన్నాయిన కనబడితే దాన్ని వేళ్ళతో నలిపేది. ఇప్పుడు ఆ రోజులు తలుచుకుంటే ఈ ఊరు నాకు వేరేగా కనిపిస్తుంది. గుళ్ళకు కమాన్లొచ్చాయి, ఏసీలొచ్చాయి, దర్గా వెనక గోరీల చుట్టూ ఇనుప కంచె వేశారు. ఆ ముజావర్ లేడు. ఎవరి దేవుడి దగ్గరికి వాళ్ళే పోతున్నారు. దారి తప్పి ఇంకో వాకిట్లోకి పోతే ఎవరమ్మా నువ్వు అని అడిగేవాళ్ళు గేటు దగ్గరే ఉన్నారు. మా అవ్వలాంటి మనిషి ఇవాళ పగ తీర్చుకోవాలంటే కూడా కష్టమే. వెంచర్‌లో ఇళ్ళు లేచాయి. మా తాత మీద ఎవరిదో వంటిల్లుంది, లేకపోతే హాలుంది. వాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు, వాళ్ళ మీద నాకేమీ లేదు.

అవ్వ పోయి ఏడాదైంది. సంవత్సరీకం నాడు చిన్నాయిన మా ఇంటికొచ్చాడు. ఒళ్ళు కరిగిపోయింది, చక్కెర జబ్బొచ్చిందట, చేతికి కర్ర వచ్చింది. అందరూ భోంచేసి పోయాక కూడా కదల్లేదు. అమ్మ చాయ తెచ్చి పెట్టింది. ఆయన తాగకుండా నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు. "బిడ్డా, అమ్మ పోయిన్నాడు స్నానం చేపిచ్చిన ఆడోళ్ళను అడిగిన. కొంగుకు ముడి లేదన్నరు. పోయే ముందు పోసిందా? లేకుంటె ఏం జేసింది? నాకు నిద్ర వడ్తలేదు బిడ్డా. నువ్వే చెప్పాలె, నువ్వు తన ఎంబడి తిరిగినవ్."

ఒక్క మాట చెబితే ఆయన ఆ రాత్రి హాయిగా పడుకునేవాడు. ఆ మాట నాలుక చివరన ఉంది కూడా. కుట్టు మెషిన్ మీది బట్ట వదిలి అమ్మ నా వైపే చూస్తోంది.

"తాత యాడున్నడు చిన్నాయినా?" అని అడిగాను.

ఈసారి ఆయన ఏ రాయి వైపూ చూపించలేదు. ఒక వేలు కూడా ఎత్తలేదు.

"ముడి నా దగ్గరుంది" అన్నాను. "ఇంకా పొయ్యలె."

చిన్నాయిన కర్ర మీద చెయ్యి వేసి లేచి, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు. ఆ చీర ఉతికిన మా అమ్మ లేచి వచ్చింది. ఆయన తాగని చాయను మోరీలో పారబోసి, గ్లాసు కడగడానికి పోయింది.